తేడా కనబడలేదంటే సమానమని కాదండీ

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మందుల మీద వచ్చిన వార్త ఒకటి నన్ను రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. శీర్షికేమో 'ఖరీదైన మందూ చవక మందూ సమానమే' అని. లోపలికి వెళ్ళి చదివితే దానికి ఆధారంగా ఉన్నది ఒకే ఒక్క వాక్యం, 'రెండు గుంపుల సగటుల మధ్య గణనీయమైన తేడా కనిపించలేదు' అని. ఎంతమంది మీద చూశారో లేదు, సగటులు ఎంతెంత వచ్చాయో లేదు, ఎంత తేడా వరకు ఉన్నా ఫరవాలేదు అనుకుని మొదలుపెట్టారో అసలే లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, ఆ వాక్యానికీ ఆ శీర్షికకీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పకపోతే నాకు అన్నం సయించదు. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది. కత్తిరిస్తే కత్తిరించండి గానీ అంకెలు మాత్రం ఉంచండి.

మా ఊళ్ళో ఒక పెద్దాయన పోయినప్పుడు కొడుకులు ఆయన బీరువాలో పై సొరుగు లాగి చూసి, 'ప్రోనోటు ఒక్కటీ లేదు, నాన్నకి అప్పుల్లేవు' అని తేల్చేసుకున్నారు. పెద్దకర్మ నాడు ముగ్గురు మనుషులు నోట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. నోటు అప్పిచ్చినవాడి దగ్గర ఉంటుంది గానీ తీసుకున్నవాడి బీరువాలో ఎందుకుంటుంది? వాళ్ళు వెతికిన చోట దొరకలేదు, వెతికింది కూడా ఐదు నిమిషాలే. మీ వార్తలో జరిగిందీ అదే. 'తేడా కనిపించలేదు' అన్నది వెతికినవాళ్ళ కథ. 'తేడా లేదు' అన్నది మందు గురించిన మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు.

మేము క్లాసులో చెప్పే టీ పరీక్ష ఉంది కదా, రెండు సగటులను పోల్చేది, అది మొదలే 'రెండూ ఒకటే' అనే ఊహతో మొదలవుతుంది. దాన్ని శూన్య పరికల్పన అంటాం. ఆ ఊహను పడగొట్టడానికి తగినంత సాక్ష్యం దొరికితే (పీ వాల్యూ అనే అంకె 0.05 కంటే తక్కువ వస్తే దొరికినట్టు లెక్క) 'గణనీయమైన, అంటే సిగ్నిఫికెంట్, తేడా ఉంది' అంటాం, దొరక్కపోతే పడగొట్టలేకపోయాం అంటాం, అంతే, అక్కడితో నోరు మూసుకోవాలి. ఎక్కడా 'రెండూ ఒకటే' అని నిరూపించలేదు, ముందే అనుకున్నాం. అనుకున్నదాన్ని చివర్లో తేలినట్టు చెప్పుకుంటే ఎలా?

దీని మీద నాకు కోపం రావడానికి ఒక కారణం ఉంది. రిటైరయ్యాక మా వీధిలో ఉండే పీజీ డాక్టర్లకి థీసిస్ లెక్కలు చూసిపెడుతుంటాను. ఒకసారి మత్తు మందుల విభాగం కుర్రాడు రాత్రి ఎనిమిదింటికి ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. వెన్నులో ఇచ్చే మత్తుకి రెండు రకాల మందులు కలిపి చూశాడు, ఒక్కో గుంపులో పదిహేను మంది. ఆపరేషన్ అయ్యాక నొప్పి తెలియకుండా ఎన్ని నిమిషాలు గడిచాయో కొలిచాడు. మొదటి గుంపు సగటు 182 నిమిషాలు, రెండో గుంపు సగటు 205, రెండింట్లోనూ మనిషికీ మనిషికీ ఉండే హెచ్చుతగ్గు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు 40. (అంకెలు కొంచెం మార్చాను, పాపం వాడి థీసిస్ వాడిది.) కుర్చీలో కూర్చోకముందే చెప్పాడు.

'మేడం, పీ వాల్యూ 0.13 వచ్చింది. 0.05 కంటే ఎక్కువే. రెండూ సమానమని రాసేస్తున్నా.'

'ఇరవై మూడు నిమిషాల తేడా ఉంది కదరా, అది కనిపించడం లేదా నీకు?'

'సిగ్నిఫికెంట్ కాదు కదా మేడం.'

నేను ఒకటే అడిగాను. 'నీ పేషెంటుకి ఎన్ని నిమిషాలు అటూ ఇటూ అయినా పెద్ద లెక్క కాదంటావు?' వాడు కాసేపు ఆలోచించి పదిహేను నిమిషాలన్నాడు. ఈ ప్రశ్న వాణ్ణి అంతవరకు ఎవరూ అడగలేదట, గైడ్ కూడా. సరే, ఇద్దరం కూర్చుని ఆ తేడాకి 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే రెండు అంకెలు, వేశాం. రెండో మందు 2 నిమిషాలు తక్కువ పనిచేయడం దగ్గర్నుంచి 48 నిమిషాలు ఎక్కువ పనిచేయడం దాకా వచ్చింది. అంటే వాడి దగ్గరున్న సాక్ష్యంతో నలభై ఎనిమిది నిమిషాల తేడా ఉందన్నా కాదనలేం. వాడు ఒప్పుకున్నది పదిహేను. ఇక సమానమని ఏ ధైర్యంతో రాస్తాడు? 'మరి పదిహేను నిమిషాల లోపే అని గట్టిగా చెప్పాలంటే ఎంతమంది కావాలి మేడం' అన్నాడు. నిజంగా రెండు మందులూ ఒకటే అయినా సరే, అది బయటపడే అవకాశం నూటికి ఎనభై ఉండాలంటే ఒక్కో గుంపులో నూట ఇరవై మందికి పైగా కావాలి. 'ఈలోగా నా కోర్సు అయిపోతుంది మేడం' అని నవ్వాడు. చివరికి వాడు రాసింది, 'ఇంత చిన్న సంఖ్యతో తేడా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం' అని. వైవాలో ఏమైందో అడక్కండి.

ఇదంతా థీసిస్ గొడవ, మాకెందుకు అంటారేమో. మందుల విషయంలో ఇదే తప్పు ఒకప్పుడు ప్రాణాల మీదికి తెచ్చింది. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ క్యాప్సూళ్ళలో మందు మోతాదు ఒక్క మిల్లీగ్రాము మారలేదు, మధ్యలో నింపే పొడి మాత్రం మార్చారు, కాల్షియం సల్ఫేట్ తీసేసి లాక్టోజ్ పెట్టారు. కాల్షియం సల్ఫేట్ ఉన్నంతకాలం మందు కొంత ఒంటికి పట్టకుండా పోయేది. లాక్టోజ్ వచ్చేసరికి మొత్తం రక్తంలోకి ఎక్కింది, ఏళ్ళ తరబడి అదే మోతాదు వేసుకుంటున్న మనుషులు తూలిపోవడం, వాంతులు, కళ్ళు మసకలు. పేరు అదే, మోతాదు అదే, లోపలికి పోయేది మాత్రం వేరు. మూడేళ్ళ తర్వాత, 1971లో, అమెరికాలో గుండె మందు డిగాక్సిన్ మీద చూస్తే ఒకే మోతాదు వేసినా, ఒక తయారీ బిళ్ళకీ ఇంకో తయారీ బిళ్ళకీ మధ్య రక్తంలోకి చేరే గరిష్ఠ స్థాయిలో ఏడు రెట్ల దాకా తేడా తేలింది. డిగాక్సిన్‌కి మందుగా పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య సందు చాలా తక్కువ. అప్పటినుంచే 'పేరొకటైతే చాలదు, ఒంట్లోకి ఎంత చేరుతోందో కొలిచి చూపించండి' అనడం మొదలైంది.

కొలవడం మొదలుపెట్టారు సరే, పోల్చేదెలా? అక్కడే నా సబ్జెక్టు మనుషులు మొదట బోల్తా పడ్డారు. మొదట్లో పద్ధతి మీ విలేకరి పద్ధతే, తేడా గణనీయంగా లేకపోతే రెండూ ఒకటేనని. దీనివల్ల ఏమవుతుందో చూడండి. తక్కువ మందిని పెట్టుకుని, కొలతలు అడ్డదిడ్డంగా తీసుకుని, కంగాళీగా పరీక్ష చేసినవాడికి తేడా కనబడదు, వాడు పాసు. వందమందిని పెట్టుకుని శ్రద్ధగా కొలిచినవాడికి రెండు శాతం, మూడు శాతం తేడా కూడా స్పష్టంగా కనబడుతుంది, వాడు ఫెయిలు. బద్ధకస్తుడికి బహుమానం, కష్టపడ్డవాడికి మొట్టికాయ. కంగాళీవాణ్ణి ఆపడానికి, ఇరవై శాతం తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే శక్తి పరీక్షకి కనీసం ఎనభై శాతం ఉండాలని ఇంకో షరతు తగిలించారు. దాంతో మొదటివాడి ఆట కొంత కట్టింది గానీ, రెండోవాడి మొట్టికాయ అలాగే ఉండిపోయింది.

1984లో అమెరికా చట్టం మార్చి జెనరిక్ మందులకి, అంటే అసలు కంపెనీ మందునే వేరే కంపెనీలు చేసి అమ్మేవాటికి, తలుపు బార్లా తెరిచింది. అసలు కంపెనీ చేసిన పెద్ద పెద్ద ట్రయల్స్ మళ్ళీ చేయనక్కర్లేదు, నీ బిళ్ళ వాళ్ళ బిళ్ళకి తుల్యమని చూపిస్తే చాలు. అంటే అప్పటిదాకా పక్కన మూలన ఉన్న 'తుల్యం' అనే మాట మీద ఒక పరిశ్రమ మొత్తం నిలబడాల్సి వచ్చింది. హైదరాబాద్ చుట్టూ మనకి కనిపించే మందుల ఫ్యాక్టరీల్లో ఎన్నో ఆ తలుపులోంచి వెళ్ళినవే. 1987లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసే డొనాల్డ్ షూర్మన్ అనే స్టాటిస్టీషియన్ పాత పద్ధతినీ ఇంకో పద్ధతినీ పక్కపక్కన పెట్టి, పాతది ఎందుకు పనికిరాదో చూపించాడు. ఆ ఇంకో పద్ధతి పేరు రెండు ఏకపక్ష పరీక్షలు. మా వాళ్ళు ముద్దుగా టాస్ట్ అంటారు.

అందులో ఉన్నది చాలా మామూలు తెలివి. నిరూపించాల్సిన బరువును ఇటునుంచి అటు మార్చేశాడు, అంతే. 'రెండూ ఒకటే' అని ముందే అనుకోవద్దు, 'రెండూ వేరు' అని అనుకుని మొదలుపెట్టు. సమానమని అనేవాడే సాక్ష్యం తేవాలి. అచ్చంగా సమానం అనేది లోకంలో ఎక్కడా ఉండదు కాబట్టి, ఎంత తేడా వరకు సమానం కింద లెక్క అన్నది పరీక్షకి ముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక కాదు. ఆ తర్వాత రెండు ప్రశ్నలు. ఒకటి, కొత్తది ఆ హద్దు కంటే తక్కువ కాదని చూపించగలవా? రెండు, ఆ హద్దు కంటే ఎక్కువ కాదని చూపించగలవా? రెండింటికీ అవునంటేనే సమానం. ఒకదానికి తడబడినా కుదరదు.

పల్లెటూరి డొంకదారి చూసినవాళ్ళకి ఇది ఇంకా తేలిక. రెండు పక్కలా గట్లు, మధ్యలో ఎడ్లబండి పోవాలి. బండి తోలేవాడు దారికి నడిమధ్యన కూర్చున్నాడు కదా అని బండి పడుతుందని చెప్పలేం. ఇరుసు ఈ చివరా ఆ చివరా కూడా గట్లకి తగలకుండా పోతేనే పట్టినట్టు. తోలేవాడు కూర్చున్న చోటు మనకొచ్చిన సగటు. ఇరుసు పొడవు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. ఎడమ చివర ఎడమ గట్టుకి తగలకపోవడం ఒక పరీక్ష, కుడి చివర కుడి గట్టుకి తగలకపోవడం ఇంకో పరీక్ష. ఒక్కో పరీక్షలో పొరబడే అవకాశం 5 శాతం మించకూడదు అనుకున్నాం కాబట్టి, రెండు చివర్లా ఐదేసి పోగా, ఇరుసుని 90 శాతం లెక్కన వేస్తాం. 95 ఎందుకు వేయరని నన్ను అడిగిన పిల్లలు చాలామందే ఉన్నారు, అడగని వాళ్ళ గురించే నాకు బెంగ.

జెనరిక్ మందులకి ఆ గట్లు 80, 125. అసలు మందు వేసుకున్నప్పుడు రక్తంలోకి చేరింది 100 అనుకుంటే జెనరిక్ వేసుకున్నప్పుడు చేరింది ఎంత అన్నది లెక్క. 80కి జోడీ 120 ఉండాలి గానీ 125 ఏమిటని అనుమానం రావచ్చు. ఇది తీసివేత కాదు, నిష్పత్తి. జెనరిక్ 80, అసలుది 100 అయితే, దాన్నే తిరగేసి జెనరిక్‌ని 100 అనుకుంటే అసలుది 125 అవుతుంది. ఎటునుంచి చూసినా ఒకే దూరం. అందుకే లెక్కంతా లాగరిథమ్‌లలో చేసి చివర్లో మళ్ళీ శాతాల్లోకి మారుస్తారు.

నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి హైదరాబాద్‌లో ఈ పరీక్షలు చేసే చోట పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లు రాత్రి నుంచి ఖాళీ కడుపుతో ఉండి పొద్దున బిళ్ళ వేసుకుంటారు. చేతికి సూది అమర్చి గంటగంటకీ, మొదట్లో అయితే పావుగంటకోసారి కూడా, రక్తం తీస్తారు. కొన్ని రోజులు ఆగి, ఒంట్లోంచి పాత మందు పూర్తిగా పోయాక, అదే మనిషికి రెండో బిళ్ళ. ముందు జెనరిక్ వేసుకునేది ఎవరు, అసలుది వేసుకునేది ఎవరు అన్నది లాటరీ. ఆ అమ్మాయి ఒకసారి స్క్రీన్ మీద గీత చూపించింది, రక్తంలో మందు కొండలా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఆ కొండ శిఖరం ఒక కొలత, కొండ కింద ఉన్న మొత్తం వైశాల్యం, అంటే మొత్తం మీద రక్తంలోకి చేరిన మందు, ఇంకో కొలత. రెండూ 80కీ 125కీ మధ్య ఇరుసు తగలకుండా దూరాలి. మనిషిని వాడితోనే పోలుస్తాం కాబట్టి లావు సన్నం, ముసలి పడుచు అన్న తేడాలన్నీ పక్కకి పోతాయి. ఈ ఒక్క ఏర్పాటు వల్లే ఇరవై నాలుగు మంది, ముప్ఫై ఆరు మందితో పని జరుగుతోంది. పైన చెప్పిన కుర్రాడికి ఆ సౌకర్యం లేదు, ఒకే మనిషికి రెండుసార్లు ఆపరేషన్ చేయలేం కదా.

ఇప్పుడు రెండు లెక్కలు, కాయితం మీద నేను వేసినవి. ఒకే మనిషిలో పూటపూటకీ ఉండే హెచ్చుతగ్గు 25 శాతం అనుకుందాం. ఎనిమిది మందితో పరీక్ష చేస్తే జెనరిక్ 88 వచ్చింది. టీ పరీక్ష అడిగితే గణనీయమైన తేడా లేదంటుంది. మీ పేపర్లో అయితే శీర్షిక సిద్ధం. ఇరుసు వేసి చూస్తే 69 నుంచి 112 దాకా వస్తుంది, 80 గట్టుని గుద్దేసింది, ఫెయిలు. ఇంకో మందు తీసుకోండి, హెచ్చుతగ్గు 10 శాతమే, వంద మంది వాలంటీర్లు, 97 వచ్చింది. టీ పరీక్ష గణనీయమైన తేడా ఉందంటుంది, పీ వాల్యూ 0.05 కంటే దిగువకి వచ్చేసింది. ఇరుసు మాత్రం 95 నుంచి 99 దాకా, గట్ల మధ్య హాయిగా దొర్లిపోయింది, పాసు. చూశారా, 'తేడా లేదు' అన్నచోట సమానం కాదు, 'తేడా ఉంది' అన్నచోట సమానం! తేడా ఉండటం ఒక సంగతి, ఆ తేడా మనిషికి లెక్కలోకి వచ్చేంత ఉండటం ఇంకో సంగతి.

ఇక్కడ రెండో వైపు వాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే అబద్ధం ఒకటుంది. '80 నుంచి 125 దాకా ఒప్పుకుంటారు, అంటే జెనరిక్ మందులో 45 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అందుకే పనిచేయవు' అని. నాకు ఇది ముగ్గురు పంపారు, అందులో ఒకరు డాక్టరు. ఇరుసు సంగతి మర్చిపోతే వచ్చే పొరపాటిది. గట్ల మధ్య ఉండాల్సింది బండి మొత్తం. ఆ 25 శాతం హెచ్చుతగ్గు ఉన్న మందుకే ఇరవై నాలుగు మందితో పరీక్ష చేస్తే, సగటు సుమారు 90కీ 110కీ మధ్య ఉంటేనే ఇరుసు రెండు చివరలూ లోపల ఉంటాయి. సగటు 82 వచ్చిందంటే అంతే సంగతులు. ఎఫ్‌డీఏ వాళ్ళు 1996 నుంచి 2007 దాకా పన్నెండేళ్ళలో ఆమోదం పొందిన జెనరిక్‌ల పరీక్షలు 2,070 తీసి చూస్తే, అసలు మందుకీ జెనరిక్‌కీ తేడా శిఖరంలో సగటున 4 శాతం పైచిలుకు, మొత్తం వైశాల్యంలో మూడున్నర శాతం. నలభై ఐదు ఎక్కడ, నాలుగు ఎక్కడ!

అలాగని అంతా సవ్యంగా ఉందని కాదు. డిప్రెషన్‌కి వాడే బుప్రోపియాన్ అనే మందు మెల్లగా కరిగే బిళ్ళల్లో 300 మిల్లీగ్రాముల జెనరిక్ ఒకదాన్ని 2006లో అమెరికాలో ఒప్పుకున్నారు. పరీక్ష చేసింది మాత్రం 150 బిళ్ళ మీద. చిన్నది సరిపోయింది కాబట్టి పెద్దదీ సరిపోతుందనుకున్నారు. వేసుకున్నవాళ్ళు తేడాగా ఉందని మొత్తుకుంటూనే ఉన్నారు. చివరికి 300 మీదే పరీక్ష చేసి 2012లో, 'ఇది తుల్యం కాదు' అని వెనక్కి తీసుకున్నారు. లెక్క తప్పలేదు, లెక్క వేయాల్సిన చోట వేయలేదు.

మన దగ్గర సంగతి ఇంకా ఆలస్యం. ఒక మందు దేశంలోకి వచ్చి నాలుగేళ్ళు దాటితే అది కొత్త మందు కాదని, ఆ తర్వాత రాష్ట్రం దగ్గర లైసెన్సు తీసుకునే కంపెనీలు ఈ తుల్యత పరీక్ష చూపించనక్కర్లేకుండానే చాలాకాలం నడిచింది. 2017 ఏప్రిల్‌లో రూల్సు మార్చి, నీళ్ళలో సరిగ్గా కరగని రకం మందులకి పరీక్ష తప్పనిసరి చేశారు. అంతకుముందు లైసెన్సు తీసుకుని ఇవాళ్టికీ షాపులో ఉన్న బిళ్ళల సంగతి ఏమిటని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. 2023 ఆగస్టులో డాక్టర్లు జెనరిక్ పేరే రాయాలని నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధన తెచ్చి, గొడవ అయ్యేసరికి అదే నెలలో పక్కన పెట్టింది. ఆ గొడవలో టీవీల్లో రెండు పక్షాలూ అరుచుకున్నాయి గానీ, 'ఫలానా బిళ్ళకి ఇరుసు ఎక్కడినుంచి ఎక్కడిదాకా వచ్చింది, కాగితం చూపించండి' అన్నవాళ్ళు నాకు కనబడలేదు. జెనరిక్‌లు మంచివా చెడ్డవా అన్నది అసలు ప్రశ్నే కాదు నా దృష్టిలో. ఈ బిళ్ళకి పరీక్ష జరిగిందా, జరిగితే ఎంత వచ్చింది, అంతవరకే.

ఇంకోటి, సూత్రం ఎంత గట్టిదైనా దానికి పెట్టే మేత అంకెలే. హైదరాబాద్‌లోని ఒక పరీక్షా కేంద్రంలో ఈసీజీ కాగితాలు తారుమారు చేశారని ఫ్రాన్సు ఇన్‌స్పెక్టర్లు పట్టుకుంటే, 2015లో యూరప్ సుమారు 700 రకాల మందుల అమ్మకం ఆపేయమంది. టాస్ట్‌కి అబద్ధాన్ని పట్టుకునే శక్తి లేదు.

మా ఇంటి సంగతి కూడా చెప్తాను, మొదట్లో కోపానికి కారణం థీసిస్ కుర్రాడన్నాను గానీ పూర్తి నిజం అది కాదు. మా చెల్లెలికి పదేళ్ళుగా థైరాయిడ్. రెండు నెలల క్రితం మెడికల్ షాపులో ఎప్పుడూ వేసుకునే బిళ్ళలు లేవని వేరే స్ట్రిప్ ఇచ్చాడు. అడిగితే, 'అదే అమ్మా, కంపెనీ వేరు, అంతే' అన్నాడట. థైరాయిడ్ బిళ్ళ ఆ డిగాక్సిన్ జాతిదే, కొంచెం తేడాకే ఒళ్ళు మాట వినదు. ఇలాంటి సున్నితమైన మందులకి యూరప్‌లో గట్లు ఇంకా దగ్గరికి జరిపారు, 90కీ 111కీ మధ్యే. ఎందుకంటే ఎంత తేడా ఫరవాలేదు అన్నది స్టాటిస్టిక్స్ చెప్పే విషయం కాదు, మందుని బట్టి, మనిషికి జరిగే నష్టాన్ని బట్టి డాక్టర్లు చెప్పాలి, మేము లెక్క వేసిపెడతాం. చెల్లెలి డాక్టరమ్మ మాత్రం మంచి పని చేసింది. కంపెనీ మారిస్తే మార్చావు, ఆరు వారాలు వాడి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించు, మధ్యలో మళ్ళీ మార్చకు అంది. మా చెల్లెలేమో మీ వార్త కత్తిరించి నాకు చూపించి, 'చూశావా అక్కా, అన్నీ సమానమేనట, ఇక టెస్టెందుకు, ఐదొందలు దండగ' అంది. ఇదీ అసలు కారణం.

2023లో సి.ఆర్.రావు గారికి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు పత్రికలన్నీ మన తెలుగువాడు, నూట రెండేళ్ళ వయసులో, అని పండగ చేసుకున్నాయి. నాకూ సంతోషమే, ఆయన చదివిన వాల్తేరు క్యాంపస్‌లోనే నేనూ ఎమ్మెస్సీ చేశాను. ఆయన ఫొటో వేసిన పేజీల్లోనే ఇలాంటి శీర్షికలు చూస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

మీ విలేకర్లను స్టాటిస్టిక్స్ నేర్చుకోమని నేను అనను. 'సమానం' అని రాసే ముందు ఆ పరిశోధన చేసినవాళ్ళని, ఎంత తేడా వరకు సమానం అనుకున్నారో, అది పరీక్షకి ముందు అనుకున్నారో తర్వాతో అడగమనండి. ఇంటర్వెల్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా వచ్చిందో అడిగి ఆ రెండు అంకెలూ వార్తలో వేయమనండి. ఆ రెండు అంకెలకి పట్టే చోటు మీ పేజీలో ఒక లైను కూడా కాదు. వాళ్ళు చెప్పకపోతే, 'తేడా ఉందో లేదో ఈ పరీక్షతో తేలలేదు' అని రాయండి. శీర్షికగా చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

గత ఆదివారం వార్తకి సవరణ వేస్తారని ఎదురుచూస్తాను. ఆ వార్త రాసినాయన దగ్గర రెండు సగటులూ, రెండు స్టాండర్డ్ డీవియేషన్లూ, ఎంతమందో ఉంటే నాకు పంపమనండి, ఇంటర్వెల్ నేను వేసిపెడతాను, పావుగంట పని. చెల్లెల్ని మాత్రం వచ్చే గురువారం టెస్టుకి లాక్కెళ్తున్నాను, ఆ ఐదొందలు నేనే ఇస్తానని చెప్పాక ఒప్పుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్,
కాకినాడ